ఉగాదికి ఇచ్చే ఆవిడ మానేయలేదు: దాతల లెక్కల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో చిన్న సేవా సంస్థలు జమాఖర్చులు ఎలా రాసుకోవాలో కొంచెం రాశాను కదా, దానికి వచ్చిన మెయిళ్లలో సగం పైన ఒకటే అడిగాయి, డబ్బు లెక్క సరే అక్కా, డబ్బిచ్చే మనుషుల లెక్క ఎలా అని. ఈ సిటీలో చిన్న చిన్న సంస్థల రసీదు పుస్తకాలూ ఎక్సెల్ షీట్లూ చూస్తూ చాలా ఏళ్లు గడిపిన దాన్ని, నాకు ఇంతకంటే ఇష్టమైన టాపిక్ లేదు, అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే.

నమస్తే అక్కా. మల్కాజిగిరిలో బస్తీ పిల్లలకి సాయంత్రం ఫ్రీ ట్యూషన్ సెంటర్ నడుపుతున్నాం. ఆరేళ్లుగా ఎవరు ఎప్పుడు ఎంతిచ్చారో ఎక్సెల్‌లో ఉంది. ప్రతి ఏడాదీ మొత్తం పెరుగుతూనే ఉంది, కానీ ప్రతి జూన్‌లో టీచర్ల జీతాలకి మళ్లీ పరేషానే. మా దాతలు అసలు పెరుగుతున్నట్టా తరుగుతున్నట్టా? — ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

ఆరేళ్ల షీటు ఉందన్నారు చూడండి, ముందు దానికి మీకు దండం పెట్టాలి, చాలామంది దగ్గర అది కూడా ఉండదు.

మీ పరేషాన్‌కి కారణం ఆ "మొత్తం" అనే అంకెలోనే ఉంది. చిల్లుకుండలో ఎన్ని బిందెలు పోస్తే ఏం లాభం, పైనుంచి పోసేది కనిపిస్తుంది గానీ కిందనుంచి పోయేది కనిపించదు. ఈ ఏడాది 80 మంది కొత్తవాళ్లు వచ్చి పాతవాళ్లు 70 మంది పోయినా మొత్తం పెరిగినట్టే ఉంటుంది. ఇంకో మాట, ఏదైనా ఐటీ కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఒకేసారి పెద్ద చెక్కు ఇచ్చిందా? అయితే దాన్ని పక్కన పెట్టి చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం అలా ఖర్చు పెట్టాలి, అది కంపెనీ లాభాన్ని బట్టీ వాళ్ల కమిటీని బట్టీ వస్తుంది పోతుంది, దాన్ని మనుషులిచ్చిన దానితో కలిపితే రెండూ అర్థం కావు.

మీరు చేయాల్సింది ఏంటంటే, ప్రతి దాతకీ మొట్టమొదట ఇచ్చిన తేదీ ఏదో కనుక్కుని దాన్నిబట్టి బ్యాచ్‌లు చేయండి, కాలేజీలో 2019 బ్యాచ్ 2020 బ్యాచ్ అంటాం కదా, అచ్చం అలాగే. తర్వాత ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది రెండో ఏడాది మళ్లీ ఇచ్చారు, మూడో ఏడాది ఎంతమంది, అలా అడ్డంగా రాసుకుంటూ పోండి. ఉదాహరణకి ఒక బ్యాచ్‌లో 100 మంది ఉన్నారనుకుందాం, రెండో ఏడాది 34 మంది మిగిలారు, మూడో ఏడాది 27, నాలుగో ఏడాది 25. ఈ నాలుగంకెలు పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషం చూడండి. పడాల్సిన దెబ్బంతా మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ మధ్యనే పడింది, రెండోసారి ఇచ్చినవాళ్లు ఇంచుమించు మీతోనే ఉండిపోయారు. అంకెలు సంస్థని బట్టి మారతాయి గానీ నేను చూసిన ప్రతి షీటులోనూ ఆకారం ఇదే. అమెరికాలో ఈ లెక్క ఏళ్ల తరబడి కడుతున్నారు, అక్కడ కూడా మొదటిసారి ఇచ్చినవాళ్లలో మరుసటి ఏడాది మళ్లీ ఇచ్చేది అటూఇటూగా ఐదుగురిలో ఒకరే. అంటే మీ సెంటర్‌కి అసలు పండగ మొదటి చందా వచ్చిన రోజు కాదు, రెండోది వచ్చిన రోజు, కాబట్టి మొదటి చందాకీ రెండో చందాకీ మధ్య ఆ కొన్ని నెలల్లో మీరు వాళ్లతో ఏం మాట్లాడారు, పిల్లల రిజల్ట్స్ పంపారా లేక రసీదు పంపి ఊరుకున్నారా అన్నది ఆలోచించండి.

ఒక బ్యాచ్‌తో మాత్రం జాగ్రత్త. మీ షీటులో 2020 అక్టోబర్‌లో సిటీ మునిగినప్పుడు వచ్చినవాళ్లు, 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో వేవ్‌లో వచ్చినవాళ్లు ఉంటే వాళ్లని వేరే రంగులో పెట్టుకోండి. వాళ్లు మీ ట్యూషన్ సెంటర్ కోసం రాలేదు, కళ్లముందు కష్టం చూసి తట్టుకోలేక ఇచ్చారు. ఆ తర్వాత రాకపోతే అది మీ తప్పూ కాదు వాళ్ల తప్పూ కాదు, కానీ మామూలు బ్యాచ్‌లతో కలిపితే లెక్క మొత్తం పాడవుతుంది.

ఇంకోటి, పేర్లు. మన దగ్గర ఒకే మనిషి ఒకసారి "కె. లక్ష్మి", ఒకసారి "లక్ష్మి కె", ఒకసారి "కొండా లక్ష్మీ దేవి", ఫోన్‌పేలో అయితే వాళ్లాయన పేరు మీద వస్తారు. షీటులో నలుగురు, మనిషి ఒక్కరే, పైగా ఆ నలుగురిలో ముగ్గురు "ఒక్కసారి ఇచ్చి మానేసిన" జాబితాలోకి పోతారు. 2021-22 నుంచి 80జీ (దాతలకి పన్ను మినహాయింపు వచ్చే అనుమతి) ఉన్న సంస్థలు దాతల వివరాలు ఏటా ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి ఇవ్వాల్సి వస్తోంది కదా, అందుకని రసీదు కావాలన్న వాళ్ల పాన్ నంబర్ మీ దగ్గర ఉంటుంది, దాన్నిబట్టి కలపండి, అది లేకపోతే ఫోన్ నంబర్. తర్వాత ఇంటి నంబర్ అని ఇంకో కాలమ్ పెట్టి భార్యాభర్తల్ని ఒకే ఇంటి కింద వేయండి, ఎందుకంటే మన ఇళ్లల్లో చందా ఇల్లు ఇస్తుంది, ట్రాన్స్‌ఫర్ మాత్రం ఎవరి ఫోన్ చేతిలో ఉంటే వాళ్లు చేస్తారు. ఇది విసుగు పని, రెండు మూడు ఆదివారాలు పోతాయి, అయినా ఇది చేయకుండా ముందుకెళ్లొద్దు.

ఆదాబ్ అక్కా. పాతబస్తీ పిల్లల స్కూల్ ఫీజులు కట్టే చిన్న ట్రస్ట్ మాది. 2024-25లో మా దాతలు చాలామంది రెండుసార్లు ఇచ్చారు, మేం సంబరపడ్డాం. అంతకుముందు ఏడాది చూస్తే కొంతమంది అసలు లేరు. మనుషులు ఇలా ఎగుడుదిగుడుగా ఎందుకు ఇస్తారు? — ఓ పాఠకుడు, టోలీచౌకి

మీ ప్రశ్న చదవగానే నాకు ఒక మనిషి గుర్తొచ్చారు, ముందు ఆవిడ సంగతి చెప్తాను.

నేను అప్పుడు ఒక చిన్న సంస్థలో దాతల రికార్డులు చూసేదాన్ని. 2024 ఏప్రిల్ మొదటి వారంలో, మార్చి 31తో పుస్తకాలు క్లోజ్ చేసి, 2023-24లో ఒక్క రూపాయి కూడా ఇవ్వని పాత దాతల జాబితా తీసి, "మీరు మాకు దూరమయ్యారు, మా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా" అని అందరికీ ఉత్తరాలు పంపాం. నేనే రాశాను ఆ ఉత్తరం, చాలా మర్యాదగా రాశాననే అనుకున్నాను. ఉగాది మర్నాడు ఒక పెద్దావిడ ఆఫీసుకొచ్చారు. చేతిలో చీరల షాపు ప్లాస్టిక్ కవరు, అందులో రబ్బరు బ్యాండ్ వేసిన మా రసీదులు, పైన మా ఉత్తరం. కుర్చీలో కూర్చుని ఒక్కో రసీదు తీసి బల్ల మీద వరసగా పరిచారు, ప్రతి దాని మీదా 1,116 రూపాయలు. "ప్రతి ఉగాదికీ పచ్చడి తిన్నాక మా అబ్బాయి చేత పంపిస్తాను, మా నాన్న అలవాటు అది, ఒక్క ఏడాది కూడా తప్పలేదమ్మా, నేనెప్పుడు దూరమయ్యాను" అన్నారు. ఆమె గొంతులో కోపం లేదు, బాధ ఉంది. ఆ ఏటి 1,116 కూడా కవర్లో పెట్టి తెచ్చారు.

ఆవిడ వెళ్లాక తేదీలు చూసుకున్నాను. 2022 ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది. 2023 ఉగాది మార్చి 22న. రెండూ 2022-23 ఆర్థిక సంవత్సరంలోనే పడ్డాయి. తర్వాత 2023లో అధిక శ్రావణం వచ్చింది, అందుకని 2024 ఉగాది ఏప్రిల్ 9కి జరిగింది, అంటే 2023-24 అనే ఏడాదిలో అసలు ఉగాదే లేదు! మళ్లీ 2025 ఉగాది మార్చి 30న వచ్చింది, అది కూడా 2024-25లోకే పోయింది. మా షీటు ప్రకారం ఆవిడ ఒక ఏడాది రెండుసార్లు, తర్వాత ఏడాది సున్నా, తర్వాత మళ్లీ రెండుసార్లు. ఆవిడ ప్రకారం ఏటా ఒక్కసారి, తు.చ. తప్పకుండా. తప్పు మా ఏప్రిల్-మార్చి గీతది.

మీ దగ్గర జరిగింది కూడా ఇదే, రంజాన్ వల్ల. హిజ్రీ క్యాలెండర్‌లో అధిక మాసం లేదు కాబట్టి రంజాన్ ఏటా 11 రోజులు అటూఇటూగా ముందుకు జరుగుతూనే ఉంటుంది. మన దగ్గర ఈద్ 2023లో ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న జరిగింది. జకాత్, అంటే ముస్లింలు ఏటా లెక్కకట్టి ఇవ్వాల్సిన దానం, ఎక్కువగా చివరి పది రోజుల్లో ఇస్తారు కదా, కాబట్టి 2024 ఏప్రిల్ మొదట్లో ఇచ్చిందీ 2025 మార్చిలో ఇచ్చిందీ రెండూ కలిసి 2024-25లో పడ్డాయి. మీవాళ్లు రెండుసార్లు ఇచ్చారన్నది నిజమే, కానీ రెండు రంజాన్‌లకి ఇచ్చారు. 2023 రంజాన్‌లో మార్చి నెలాఖరుకి ముందే ఇచ్చి, 2024 రంజాన్‌లో ఏప్రిల్‌లో ఇచ్చినవాళ్లు 2023-24లో ఎక్కడా పడలేదు, మీకు "అసలు లేరు" అని కనిపించింది చాలావరకు వాళ్లే అయి ఉంటారు. మీ సంబరం పూర్తిగా పోగొట్టడం నాకిష్టం లేదు, నిజంగా కొత్తగా వచ్చినవాళ్లు కూడా ఉండి ఉంటారు, వాళ్లని విడిగా లెక్కపెట్టండి.

మరి ఏం చేయాలంటే, సంవత్సరం గీత చూడకండి, ఒక చందాకీ దాని తర్వాత చందాకీ మధ్య ఎన్ని రోజులో చూడండి. ఆవిడ ఉగాదుల మధ్య అది 354, 384, 355. చూశారా ఎంత క్రమంగా ఉందో? అధిక మాసం వచ్చిన ఏడు 384 రోజులు పడుతుంది కాబట్టి 365 రోజులు దాటగానే "మానేశారు" అని ముద్ర వేయొద్దు, కనీసం 400 రోజులు ఆగండి. తిథి ప్రకారం ఆబ్దికానికి అన్నదానం చేసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, అందుకని 2027 ఉగాది మళ్లీ ఏప్రిల్‌లోకి వెళ్తుంది, ఉగాది దాతలున్న సంస్థలన్నిటికీ 2026-27లో సున్నా కనపడుతుంది, అప్పుడు దయచేసి నాలాగా ఉత్తరాలు రాయకండి.

షీటులో "సందర్భం" అని ఒక కాలమ్ పెట్టండి. ఉగాది, రంజాన్, పుట్టినరోజు, పెళ్లిరోజు, ఆబ్దికం, ఏదీ కాకపోతే ఖాళీ. మీకు ఇంకో కాలమ్ కూడా కావాలి, జకాతా సదకానా (అంటే లెక్కతో పనిలేకుండా ఇష్టంగా ఇచ్చే దానమా) అని, ఎందుకంటే జకాత్ అనేది దాచుకున్న దానిలో 2.5 శాతం లెక్క, అది పెరిగిందంటే వాళ్ల పొదుపు పెరిగింది, సదకా పెరిగిందంటే మీ మీద మనసు పెరిగింది, రెండూ ఒకటి కావు. అలాగే అంకె చివర చూడండి, 116, 516, 1,116 అని వస్తే అది శుభకార్యానికో దేవుడి పేరు మీదో ఇచ్చింది, 500, 1,000 అని వస్తే అది నెల బడ్జెట్‌లోంచి తీసింది. సందర్భానికి ఇచ్చే మనిషి నెలనెలా 500 ఇవ్వడం మొదలుపెట్టారంటే మీ సంస్థ వాళ్ల పూజగదిలోంచి ఇంటి ఖర్చుల్లోకి వచ్చిందన్న మాట. నా దృష్టిలో దాత ఎదగడం అంటే అది, మొత్తంగా చూస్తే అంకె తగ్గినా సరే.

అక్కా, నెలనెలా కార్డు నుంచి కట్ అయ్యేలా పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఒకే నెలలో ఆగిపోయారు. అందరికీ ఒకేసారి మనసు విరిగిందా? — వాలంటీర్, కూకట్‌పల్లి

లేదు తమ్ముడూ, అందరి మనసూ ఒకే నెలలో విరగదు, మెషిన్ విరుగుతుంది. 2021 అక్టోబర్ 1న రిజర్వ్ బ్యాంక్ కార్డుల ఆటో డెబిట్‌కి కొత్త రూల్ తెచ్చినప్పుడు, ముందే మాండేట్ (డబ్బు కట్ చేసుకోవడానికి దాత అనుమతి) రిజిస్టర్ చేయాలి, డెబిట్‌కి 24 గంటల ముందు మెసేజ్ పోవాలి అని, అప్పుడు నెలవారీ చందాలు ఎన్నో ఆగాయి. దాత ఇస్తూనే ఉన్నాననుకుంటారు, సంస్థ ఏమో మానేశారనుకుంటుంది. మీదైతే కార్డుల గడువు తీరిందా, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే గేట్‌వే మార్చారా చూడు. "ఫెయిల్ అయింది", "దాత ఆపమన్నారు" అని రెండు కోడ్‌లు వేరుగా పెట్టు, మొదటి రకం వాళ్లకి ఈ వారమే ఫోన్ చెయ్, చాలామంది అప్పటికప్పుడే యూపీఐ ఆటోపే పెట్టేస్తారు. మెయిల్ కాదు, ఫోన్.

మా హాస్టల్‌లో చదువుకున్న అబ్బాయి మొదటి జీతంలో 500 ఇచ్చాడు, తర్వాత 2,000, ఇప్పుడు అమెరికా నుంచి నెలకి 10,000 పంపుతున్నాడు. ఇలాంటి వాళ్లని ఎలా గుర్తించాలి? — ఉప్పల్ నుంచి ఒక మాస్టారు

మాస్టారూ, చదువుతుంటే కడుపు నిండింది. ఇలాంటివాళ్లని అంకెతో కాదు నిష్పత్తితో పట్టుకోవాలి, మొదటి చందాకీ ఇప్పటి చందాకీ ఎన్ని రెట్లు అన్నది ప్రతి మనిషికీ కట్టండి. 50,000 నుంచి 60,000కి వెళ్లినాయన జాబితాలో పైన ఉంటారు, 500 నుంచి 2,000కి వెళ్లిన పిల్లాడు ఎక్కడో అడుగున ఉంటాడు, కానీ పెరుగుతున్నది పిల్లాడే.

ఒక ముఖ్యమైన విషయం మాత్రం మర్చిపోకండి. ఆ అబ్బాయికి ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నంతకాలం, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. రేపు అమెరికా సిటిజన్‌షిప్ తీసుకుంటే ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) ఉన్నా సరే విదేశీ విరాళమే అవుతుంది, అప్పుడు మీకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి కావాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లోని ఖాతాకే రావాలి. మన హైదరాబాద్‌లో ప్రతి సంస్థకీ ఇలాంటి దాతలు పదిమందైనా ఉంటారు, కాబట్టి పౌరసత్వం కాలమ్ ఒకటి పెట్టి ఏటా ఒకసారి అడగండి, సిగ్గుపడక్కర్లేదు, వాళ్లే అర్థం చేసుకుంటారు.

మా కమిటీలో కొత్త ప్రతిపాదన వచ్చింది. 500 లోపు ఇచ్చేవాళ్లకి మెసేజ్‌లు ఆపేసి, పెద్దవాళ్ల ఫ్లాట్లు, ఉద్యోగాలు, సోషల్ మీడియా చూసి ఎవరు ఎంతివ్వగలరో లిస్ట్ చేద్దామంటున్నారు. ఇంకా వార్షికోత్సవంలో స్టేజి మీద ప్రకటించిన మొత్తాలు కూడా దాతల ఎదుగుదలలో కలపాలట. నాకు నచ్చట్లేదు, ఎలా చెప్పాలి? — పేరు వద్దు, సికింద్రాబాద్

మీకు నచ్చకపోవడం న్యాయమే. మూడూ వేరువేరు సంగతులు.

చిన్నవాళ్లని తీసేయడం గురించి కమిటీకి చెప్పాల్సింది ఒకటే: ఈ రోజు మీకు పెద్ద మొత్తాలిస్తున్న పదిమంది పేర్లు తీసి, వాళ్ల మొట్టమొదటి చందా ఎంతో పక్కన రాయండి. ఆ కాగితం మీటింగ్‌లో బల్ల మీద పెట్టండి. నేను ఈ పని చేయించిన ప్రతిచోటా అందులో కొందరైనా 100, 200తో మొదలైనవాళ్లు ఉన్నారు, ఆ కాగితం చూశాక ఇక వాదన ఉండదు. సగటు చూపిస్తే నమ్మకండి, ఒక్కరు 5 లక్షలిస్తే సగటు ఎగిరిపోతుంది, అందర్నీ వరసగా నిలబెట్టి మధ్యలో మనిషి ఎంతిచ్చారో చూడండి, అది మీ సంస్థ నిజం.

ఇళ్లూ ఉద్యోగాలూ వెతకడం, వద్దని గట్టిగా చెప్పండి. రసీదు కోసం ఇచ్చిన ఫోన్ నంబర్‌తో మనిషి జీవితమంతా తవ్వడం నమ్మకద్రోహం, 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కూడా ఏ పని కోసం వివరాలు తీసుకున్నామో ఆ పనికే వాడాలంటుంది. వాళ్లు మీకు ఇచ్చిన చరిత్ర, అంటే ఎప్పుడిచ్చారు, ఎన్నిసార్లిచ్చారు, దేనికిచ్చారు, ఎవర్ని తీసుకొచ్చారు, అది చాలు, అందులోనే అన్నీ ఉన్నాయి.

ఇక స్టేజి మీద మాటలు. మన పక్కనే పోచంపల్లి ఉంది, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలిచ్చి భూదానం మొదలుపెట్టిన ఊరు. ఆ తర్వాత దేశమంతా లక్షల ఎకరాలు రాసుకున్నారు, కానీ అందులో చాలా భాగం పేదవాడి చేతికి చేరలేదు, కొంత సాగుకి పనికిరానిది, కొంత కోర్టుల్లో చిక్కుకుంది. అంత గొప్ప ఉద్యమానికే మాటకీ చేతికీ మధ్య అంత దూరం ఉన్నప్పుడు మన వార్షికోత్సవం ఎంత. ప్రకటించింది ఒక కాలమ్, వచ్చింది ఇంకో కాలమ్, వచ్చిన తేదీ మూడోది. ఎదుగుదల రెండో కాలమ్ నుంచే కట్టండి.

అక్కా, నాకు కంప్యూటర్ రాదు. 14 ఏళ్ల రసీదు పుస్తకాలున్నాయి. నేనేం చేయగలను? — ఓ అమ్మ, చిలకలగూడ

చాలా చేయగలరమ్మా. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి, ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. పైన పేరు, ఫోన్, మొదటిసారి ఎవరి ద్వారా వచ్చారు. కింద రసీదు పుస్తకంలోంచి తేదీ, మొత్తం, ఏ సందర్భం. బియ్యం బస్తా ఇస్తే అది కూడా రాయండి, పిల్లలకి భోజనం వడ్డించడానికి వచ్చి వెళ్తే అదీ రాయండి. రోజుకి ఒక పుస్తకంలో పది రసీదులు చాలు, తొందరేం లేదు. నాలుగైదు రోజులయ్యేసరికి కొన్ని పేజీలు మిమ్మల్ని ఆపేస్తాయి, అరె ఈయన తొమ్మిదేళ్లు ఇచ్చి ఎందుకు ఆగారు అనిపిస్తుంది, అప్పుడు నోట్‌బుక్ పక్కన పెట్టి ఆయనకి ఫోన్ చేయండి, డబ్బు అడగడానికి కాదు, ఎలా ఉన్నారో కనుక్కోవడానికి.